చిన్న పిస్టల్, పెద్ద చిక్కులు: అమెరికాలో తుపాకీ కొనే తెలుగువారికి సమస్య - పరిష్కారం

రాత్రి పొద్దుపోయేదాకా గ్యాస్ స్టేషను తెరిచి ఉంచేవారు, ఊరి చివర ఇల్లు కట్టుకున్నవారు ఎప్పుడో ఒకప్పుడు తుపాకుల దుకాణానికి వెళ్తారు. వెళ్లాక చాలామంది చేయి అన్నిటికంటే చిన్న పిస్టల్ మీదికే పోతుంది. జేబులో పడుతుంది, బరువు లేదు, భయపెట్టదు. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఆ ఎంపికే. కింద రాసినవి ఇంటి రక్షణకు, దుస్తుల కింద కనబడకుండా పెట్టుకోవడానికి ఒకే పిస్టల్ కావాలనుకునేవారికి ఎదురయ్యే సమస్యలు.

సమస్య: డీలరు అమ్మనన్నాడు

కారణం చాలాసార్లు వీసా. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. డీలరు దగ్గర నింపే 4473 ఫారంలో ఈ సంగతి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది మరో నేరం. నిషేధం ఉండీ తుపాకీ ఉంచుకున్నవారికి గరిష్ఠ శిక్షను 2022లో 15 ఏళ్లకు పెంచారు.

వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఒకటి ఉంది. దాన్ని చూపించి "ఫరవాలేదు, కొనేయండి" అనే మిత్రులు ప్రతి విందులోనూ ఒకరుంటారు. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డ మనిషి ఆ మాట విని కాకుండా, ఇమిగ్రేషన్ లాయరును అడిగి నిర్ణయించుకోవాలి. గ్రీన్ కార్డు చేతికి వస్తే కొనవచ్చు. దరఖాస్తు పెండింగులో ఉందంటే కార్డు వచ్చినట్లు కాదు.

దీనికి అనుబంధంగా మరో రెండు సంగతులు. సరదాకి రేంజికి (తుపాకీ కాల్చే సాధన కేంద్రానికి) వెళ్లి అద్దె పిస్టల్ కాల్చడం కూడా చట్టం దృష్టిలో తుపాకీని స్వాధీనంలో ఉంచుకోవడమే. హెచ్-1బి మిత్రులను వెంట తీసుకెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. విజిటర్ వీసాపై వచ్చిన అమ్మానాన్నలకూ, చదువుకోవడానికి వచ్చి మీ ఇంట్లో ఉంటున్న తమ్ముడికీ ఇదే నియమం. కాబట్టి వాళ్లున్నన్నాళ్లు తుపాకీ తాళంలో ఉండాలి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. కొనడానికి అర్హత లేనివారి కోసం మీ పేరు మీద కొనిపెట్టడం నేరం.

వీసా అడ్డంకి లేకపోయినా అమ్మలేదంటే లైసెన్సు మీది చిరునామా చూసుకోండి. ఇల్లు మారి డ్రైవింగ్ లైసెన్సులో పాత చిరునామాను అలాగే వదిలేసి ఉంటే పని అక్కడే ఆగిపోవచ్చు. వయసు కూడా చూస్తారు. లైసెన్సున్న డీలరు 21 ఏళ్లు నిండనివారికి పిస్టల్ అమ్మకూడదు.

సమస్య: నాలుగు మ్యాగజైన్ల (తూటాలు నింపే డబ్బాల) తూటాలు కాల్చేసరికి అరచెయ్యి మండుతోంది, తూటాలు తలోచోటా తగులుతున్నాయి

కారణం: తుపాకీ మరీ చిన్నది. పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తిని పిస్టల్ బరువే కొంత మింగుతుంది. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ అనే బుల్లి పిస్టల్ ఖాళీగా ఉన్నప్పుడు 270 గ్రాములు ఉంటుంది. మధ్య సైజు పిస్టల్ గ్లాక్ 19 దాదాపు 600 గ్రాములు. ఎల్‌సీపీ వాడేది .380 తూటా, 9 ఎం.ఎం. కంటే బలహీనమైనది. అయినా చేతికి అదే ఎక్కువ బాధ పెడుతుంది. చిటికెన వేలికి పట్టు దొరకదు, పిడి చివర అరచేతిలో గుచ్చుకుంటుంది. గురి చూసే గుర్తులైన ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం తక్కువ కావడంతో గురిలో వెంట్రుకవాసి తేడా లక్ష్యం దగ్గర బెత్తెడు తేడా అవుతుంది. ఇలాంటి తుపాకీని చాలాకాలంగా కాల్చి చేయి తిరిగినవారు కొంటే సరే. మొదటి పిస్టల్‌గా కొన్నవారు రెండు నెలల్లో సాధన మానేస్తారు. సాధన చేయని మనిషి దగ్గర తుపాకీ ఉండటం ఇంటికి మేలు చేయదు.

పరిష్కారం: ఒక మెట్టు పెద్దదానికి వెళ్లడం. 1988 నుంచి ఉన్న గ్లాక్ 19నే చాలామంది కొలమానంగా చూస్తారు. దాని బ్యారెల్ (గొట్టం) పొడవు నాలుగు అంగుళాలు, మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. సన్నటి నడుము ఉన్నవారికి అది లావే. అలాంటివారికి 2018లో వచ్చిన సిగ్ పీ365 దారి చూపింది. దాదాపు అర కిలో బరువుండే పిస్టల్‌లో పది 9 ఎం.ఎం. తూటాలు పట్టించిన ఆ డిజైను తర్వాత మిగతా కంపెనీలు కూడా ఆ బాటే పట్టాయి. గ్లాక్ 43ఎక్స్, 48 కూడా పది తూటాలవే, సన్నటివే. నా అభిప్రాయం అడిగితే, ఇంటికీ నడుముకీ ఒకటే కావాలనేవారు ఈ కొలతల కంటే కిందికి దిగకూడదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో మ్యాగజైన్‌లో పదికి మించి తూటాలు పట్టకూడదనే పరిమితి ఉంది. అక్కడ 15 తూటాల మాట ఎలాగూ పనికిరాదు.

తన్నుకు భయపడి తూటా పరిమాణం మార్చాలా అన్నది తరచుగా వినిపించే ప్రశ్న. ఎఫ్‌బీఐ కూడా కొన్నేళ్లు 9 ఎం.ఎం. కంటే పెద్దదైన .40 తూటా వాడి, తిరిగి 9 ఎం.ఎం.కు వచ్చింది. ఇంటి మనిషికి అంతకంటే చర్చ అనవసరం.

సమస్య: స్లైడ్ వెనక్కి రావడం లేదు

స్లైడ్ అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే లోహపు భాగం; తూటా ఎక్కించాలంటే దాన్ని వెనక్కి లాగాలి. అది వస్తుందో లేదో దుకాణంలోనే గమనించాలి. ఇంటికొచ్చాక తెలిసేది ఎక్కువగా ఆ ఇంటి ఇల్లాలికే, ఎందుకంటే కొన్నది భర్త, రాత్రి షిఫ్టుకు వెళ్లేదీ ఆయనే, తుపాకీతో ఇంట్లో ఒంటరిగా ఉండేది ఆమె. "ఆడవాళ్లకు చిన్నది చాలు" అనే దుకాణదారు మాట ఇక్కడ బోర్లా పడుతుంది. చిన్న పిస్టల్‌లో స్లైడ్ తేలిక, అది వెనక్కి వెళ్లే దూరమూ తక్కువ. ఆ వేగాన్ని ఆపడానికి స్ప్రింగు గట్టిగా పెట్టాల్సి వస్తుంది. అందువల్ల చిన్నది లాగడమే కష్టం.

ముందు పద్ధతి మార్చి చూడండి. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, గొట్టం సురక్షితమైన దిక్కుకే ఉంచి, ఎడమ అరచేతిని స్లైడ్ మీద పూర్తిగా వేసి పట్టుకోండి. చూపుడువేలు, బొటనవేలితో గిల్లినట్లు లాగితే రాదు. ఎడమ చేయి స్లైడ్‌ను వెనక్కి లాగుతుంటే, కుడి చేయి పిడిని ముందుకు నెట్టాలి. వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు. ఇలా చాలామందికి వచ్చేస్తుంది.

రాకపోతే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజెడ్ చూడండి. స్లైడ్ సులువుగా లాగేందుకే దాన్ని తయారు చేశారు. 2018లో .380లో, 2020లో 9 ఎం.ఎం.లో వచ్చింది. కీళ్లవాతం ఉన్నవారికి కూడా నప్పుతుంది. స్లైడ్ గొడవే లేని రివాల్వర్ కొనమని సలహా ఇస్తారు కొందరు. అయిదు తూటాల చిన్న రివాల్వర్‌లో ట్రిగ్గర్ చాలా బరువు, తన్ను కూడా గట్టిదే. ఒక కష్టం పోయి ఇంకొకటి వస్తుంది. ఏది కొన్నా ఇంట్లో దాన్ని వాడాల్సిన ఇద్దరూ రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చి చూశాకే డబ్బు కట్టాలి.

సమస్య: కుడిచేతివాటం మనిషి, తూటాలన్నీ కిందికి, ఎడమకు పడుతున్నాయి

సైట్లు సరిచేయించాలనుకుంటారు. సైట్ల తప్పు చాలా అరుదు. పేలబోతోందని తెలిసి చేయి ముందే బిగుసుకుని కిందికి తోస్తుంది. నమ్మకం కలగకపోతే పక్కవారిని మ్యాగజైన్‌లో ఒకటి రెండు డమ్మీ తూటాలు కలిపి నింపమనండి. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ ముక్కు కిందికి వంగడం మీకే కనిపిస్తుంది.

పరిష్కారం: ఖాళీ తుపాకీతో సాధన. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే అరను) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని రూఢి చేసుకుని, గట్టి గోడ వైపు గురిపెట్టి, ముందు సైటు కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. రోజూ పది నిమిషాలు. వేలు ట్రిగ్గర్‌కు అందీ అందనట్లుంటే పిడి వెనక మార్చుకునే ముక్క చిన్నది వేయండి. కొన్ని మోడళ్లతో పాటు పెట్టెలోనే ఇస్తారు.

సమస్య: తూటా ఇరుక్కుంటోంది

వరుసగా ఇవి చూడండి. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్‌కు ఆనుకోవడానికి గట్టి ఆధారం లేక పూర్తిగా వెనక్కి వెళ్లదు. ఖాళీ డొల్ల నిలువుగా ఇరుక్కుంటుంది. చిన్న, తేలిక పిస్టళ్లలో ఈ బాధ ఎక్కువ. అదే తుపాకీ, అవే తూటాలు అనుభవమున్న మరొకరి చేతిలో సాఫీగా పేలితే కారణం పట్టే. వారి చేతిలోనూ ఆగితే మ్యాగజైన్‌ను అనుమానించండి. అడుగున 1, 2, 3 అని రాసి పెట్టుకుంటే ఏది మొరాయిస్తోందో తేలిపోతుంది. తర్వాత నూనె, తర్వాత తూటా రకం. రక్షణకు వాడే హాలో పాయింట్ (ముక్కున గుంట ఉండే) తూటాలు ఖరీదని చౌక తూటాలతోనే సాధన చేసి, ఆ ఖరీదైనవి ఒక్కటీ కాల్చకుండా మ్యాగజైన్‌లో నింపేవారున్నారు. కనీసం రెండు పెట్టెలు కాల్చి చూడనిదే వాటిని నమ్మకండి. ఇవన్నీ చూశాక కూడా ఆగుతుంటే కంపెనీకి పంపాలి. ఇంట్లో ఆకురాయి పెట్టి అరగదీయడం మాత్రం వద్దు.

సమస్య: చొక్కా కింద ఉబ్బుగా కనిపిస్తోంది

పిస్టల్ అమ్మేసి ఇంకా చిన్నది కొనకండి. బయటికి పొడుచుకొచ్చేది పిడి, బ్యారెల్ కాదు. బ్యారెల్ ప్యాంటు లోపలే ఉంటుంది. అందుకే పొడవు బ్యారెల్, సన్నటి ఒళ్లు ఉన్న గ్లాక్ 48 కొందరికి బాగా దాగుతుంది. ముందు బెల్టు మార్చండి, బరువుకు వంగని గట్టిది తీసుకోండి. తర్వాత హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే తొడుగు. పిడిని ఒంటికి నొక్కి ఉంచే చిన్న రెక్క ఉన్నది దొరుకుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉంచే గట్టి హోల్‌స్టర్ కాకపోతే ఎంత బాగా దాగినా పనికిరాదు. తాళంచెవులతో కలిపి జేబులోనో, ఉత్త హ్యాండ్‌బ్యాగులోనో వేసుకోవడం ప్రమాదాన్ని పిలిచి తెచ్చుకోవడమే. చీర, చుడీదార్ కట్టుకునేవారికి బెల్టు ఉండదు కనుక నడుముకు చుట్టుకునే పట్టీ వాడతారు. అందులోనూ ట్రిగ్గర్‌ను కప్పే గట్టి తొడుగు ఉండాల్సిందే.

గుడికీ, బతుకమ్మ ఆటకూ, పుట్టినరోజు విందుకూ తీసుకెళ్లాలా? టెక్సస్‌లో 30.06 బోర్డు (దాచుకున్న తుపాకీతో రావద్దనే నోటీసు) పెట్టిన చోటికి పర్మిట్ ఉన్నా తుపాకీ దాచుకుని వెళ్లకూడదు. పాఠశాలలు, పోస్టాఫీసులు ఎలాగూ వద్దు. చట్టం అడ్డురాని చోట కూడా, పిల్లలు ఒళ్లోకి ఎగిరే ఇంటికి వెళ్తుంటే పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్లడమే నయం.

సమస్య: అందుబాటులో ఉంచితే పిల్లల భయం, దాచితే వేళకు అందదు

దిండు కింద, బీరువా మీద, బట్టల మడతల మధ్య అనేవి దాపరికాలు కావు. పిల్లలకు అన్నీ తెలుసు. టెక్సస్‌లో పిల్లలకు అందేలా తుపాకీ వదిలేయడం పెద్దల నేరం. మంచం పక్కన గోడకో బల్లకో బిగించిన, బటన్లు నొక్కితే తెరుచుకునే చిన్న ఉక్కు పెట్టె చాలు. చీకట్లో తడిమి తెరవడం అలవాటు చేసుకోవాలి. వేలిముద్రవి తడి చేతికీ పసుపు చేతికీ మొరాయిస్తాయి, కాబట్టి అంకెలతోనూ తెరుచుకునేదే తీసుకోండి. పక్కన టార్చి ఉంచండి. ఎదుట ఉన్నది దొంగో, నీళ్లు తాగడానికి లేచిన మామగారో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు పలచటి జిప్సం పలకలు. గురి తప్పిన తూటా పక్క గదిలోకి పోతుంది. కనుక తలుపు వేసుకుని, పిల్లలను ఒక గదిలోకి చేర్చి, 911కు ఫోను చేసి ఆ గదిలోనే ఉండటం మొదటి పని.

ఇంట్లో ఎవరైనా దిగులుతో, నిద్రలేమితో కుంగిపోయి ఉంటే ఈ పెట్టె సరిపోదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆ రోజుల్లో తుపాకీ ఇంట్లో ఉండకూడదు. చట్టం ఒప్పుకునే చోట స్నేహితుడి దగ్గరో, డీలరు దగ్గరో ఉంచండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు.

సమస్య: సొంత రాష్ట్రంలో సక్రమం, పక్క రాష్ట్రంలో నేరం

2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అర్హులైన పెద్దలు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అదే మనిషి న్యూజెర్సీలో ఉన్న అక్క ఇంటికి వెళ్తే టెక్సస్ పర్మిట్ ఉన్నా చెల్లదు. ఆ రాష్ట్రం ఇతర రాష్ట్రాల పర్మిట్లను గుర్తించదు. కారులో బయలుదేరే ముందు దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం నియమాన్నీ ఆ రాష్ట్ర పోలీసుల వెబ్‌సైటులో చూసుకోవాలి.

ఇండియా ప్రయాణం ఇంకో ఎత్తు. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే హైదరాబాదు ప్రయాణానికి సర్దితే, ఏ మూల జేబులోనో మిగిలిన ఒక్క తూటా ఇండియా విమానాశ్రయం స్కానర్‌లో కనబడుతుంది. లైసెన్సు లేని తూటాకు 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. "మరచిపోయాను" అన్న మాట విచారణలో పనికిరావచ్చు గానీ ఆ రోజు విమానం ఎక్కనివ్వదు. రేంజికి ఒక బ్యాగు కేటాయించి, దాన్ని సూట్‌కేసులున్న అరలో కాకుండా గ్యారేజీలో పెట్టండి. ప్రయాణానికి ముందు కోటు జేబులు కూడా దులిపి చూడండి.