డార్విన్ గ్రాంటుకు దరఖాస్తు: చెట్టుకీ ఇంటి ఆదాయానికీ లంకె చూపించడం ఎలా

బ్రిటన్ ప్రభుత్వం 1992 రియో ధరిత్రీ సదస్సులో ప్రకటించిన నిధి డార్విన్ ఇనీషియేటివ్. ప్రకృతిని కాపాడటం, పేదరికం తగ్గించడం ఒకే పనిలో జరగాలన్నది దీని షరతు. మొక్కలు నాటి, పక్కన కుట్టు మిషన్లు పంచుతామని రాస్తే ఆ రెండింటికీ సంబంధం ఏమిటని సమీక్షకులు అడుగుతారు.

ముందుగా ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, సంగతి తేల్చుకోండి. ఇది విదేశీ ప్రభుత్వ సొమ్ము కాబట్టి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనులపై 15 లక్షలు ఖర్చయి ఉండాలి. డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే వస్తుంది. 2020 సవరణ తర్వాత ఆ సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. పాత అలవాటుతో "భాగస్వామ్య సంస్థకు 30 శాతం" అని బడ్జెట్లో రాసేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఇద్దరు భారతీయ భాగస్వాములుంటే ఇద్దరికీ సొంత రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ప్రధాన సంస్థ బ్రిటన్‌లో ఉంటే అది ఎవరి వాటా వాళ్లకే నేరుగా పంపాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు.

ఇక లాగ్‌ఫ్రేమ్, అంటే లక్ష్యాలు, పనులు, వాటిని కొలిచే సూచికలు వరుసగా చూపే పట్టిక. దరఖాస్తు బతికేదీ పోయేదీ ఈ పట్టికలోనే. తూర్పు కనుమల ఏజెన్సీలో తపసి జిగురు తీసే కుటుంబాలతో పని అనుకుందాం. గొడ్డలితో లోతుగా నరికితే ఆ ఏడాది జిగురు ఎక్కువే కారుతుంది, కానీ గాయం మానక చెట్టు ఎండిపోతుంది. సన్నటి కొడవలితో పైపైన చిన్న గాట్లు పెట్టి, కారిన జిగురుకు మట్టీ బెరడూ అంటకుండా ఆరబెడితే చెట్టు నిలుస్తుంది. శుభ్రమైన తెల్ల జిగురుకు ధరా ఎక్కువే. చెట్టూ ఆదాయమూ ఒకే గాటు మీద ఆధారపడ్డాయి. సమీక్షకులు వెతికేది ఇలాంటి లంకెనే.

దీన్ని పట్టికలో పెట్టేటప్పుడు చాలామంది తడబడతారు. "200 మందికి శిక్షణ" అన్నది మనం చేసిన పని. దానివల్ల వచ్చిన మార్పును వేరే వరుసలో రాయాలి: "మూడో ఏడాది మార్చికల్లా నమూనా చెట్లలో లోతు గాయాలున్నవి సగానికి తగ్గాలి, జిగురు తీసే కుటుంబాల్లో జిగురు ఆదాయం (మహిళలు అమ్మినది విడిగా చూపిస్తూ) పని మొదలయ్యే ముందు తీసిన మొదటి లెక్క కంటే 25 శాతం పెరగాలి." అంకెలు మీ ఊళ్లవి పెట్టుకోండి. ప్రతి సూచికకూ మొదటి లెక్క, కొలిచే పద్ధతి, రుజువు కావాలి. చెట్లకు నంబర్ పలకలు వేయండి, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కొనుగోలు రసీదులు దాచండి. శిక్షణ లేని ఊళ్లు రెండు మూడు పోలికకు పెట్టుకోండి, లేకపోతే ధర పెరగడం వల్ల వచ్చిన ఆదాయాన్ని మీ ఘనతగా రాసుకున్నారంటారు. పట్టికలో మన చేతిలో లేని పరిస్థితులు రాసే ఊహల గడిలో "ప్రభుత్వం సహకరిస్తుంది" అని రాసి వదిలేయకండి. జిగురు ధర పడిపోతే ఏం చేస్తారో రాయండి. "అవగాహన సదస్సులు" అన్న మాట ఎన్నిసార్లు వస్తే దరఖాస్తు అంత పలుచనవుతుంది.

అభయారణ్యం లోపల పని ఉంటే అటవీ శాఖ అనుమతి, గ్రామసభ తీర్మానం ముందే చేతిలో ఉండాలి. విదేశీ పరిశోధకులు నమూనాలు తీసుకెళ్లాలంటే జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి తప్పనిసరి. ఇవి నెలలు పడతాయి.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరమూ మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి దాకానే, మిగిలిన డబ్బు దానంతటదే వచ్చే ఏడాదికి పోదు. మంచి జిగురు వచ్చేది వేసవిలో, వానలు పడే లోపు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు మొదలైతే సిబ్బందిని తీసుకునేలోపే సీజన్ అయిపోతుంది. అందుకే మొదటి వేసవిలో చెట్లు, ఆదాయాల లెక్కలకు సరిపడా మాత్రమే డబ్బు పెట్టి, కొడవళ్ల కొనుగోలు జనవరి–మార్చిలోనూ, శిక్షణ రెండో వేసవి మొదట్లోనూ చూపించండి.