చిన్న ఫిరంగి నమూనా చేయాలంటే చక్రం దగ్గర మొదలెట్టండి

ఫిరంగి చేద్దాం అనుకున్న వాళ్లందరూ ముందు గొట్టం మీద పడతారు. ఇత్తడి రాడ్ కొంటారు, లేత్ మీద తిప్పుతారు, తళతళ మెరుస్తుంటే చూసుకుని మురిసిపోతారు, ఆ తర్వాత చక్రాల దగ్గరికొచ్చేసరికి చెయ్యాడక ఆ గొట్టాన్ని అల్మారాలో పెట్టేస్తారు. నా మొదటి గొట్టం మూడేళ్లు అలాగే పడుంది. చివరికి చక్రాలు చేశాక చూస్తే అవి గొట్టం సైజుకి సరిపోలేదు, మళ్లీ ఇంకో గొట్టం తిప్పాల్సొచ్చింది. అందుకే కొత్తగా దిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, చక్రం కుదిరాకే మిగతాది.

ఇంకో సంగతి ముందే తేల్చుకుందాం. నేను చెప్పేది పేలని ఫిరంగి గురించి. పెరట్లో పెట్టుకుని చూసుకోడానికి, తోసి తిప్పడానికి, పిల్లలకి ఇది ఇలా పనిచేసేది అని చూపించడానికి. స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ 1460లో రాక్స్‌బర్గ్ కోట ముట్టడిలో సొంత ఫిరంగి పగిలి, దాని పక్కనే నిలబడి ఉన్నందుకు చచ్చిపోయాడు. 1844లో అమెరికా నౌక ప్రిన్స్‌టన్ మీద పీస్‌మేకర్ అనే పెద్ద ఫిరంగి పగిలితే విదేశాంగ మంత్రి, నౌకాదళ మంత్రితో సహా ఆరుగురు పోయారు. వాళ్ల దగ్గర ఆ కాలానికి పేరున్న పనివాళ్లు ఉండి కూడా అలా జరిగింది, మనం కొన్న రాడ్ లోపల సన్న పగులు ఉందో లేదో మనకి కంటితో తెలియదు. కాబట్టి మూతి దగ్గర బోర్, అంటే గుండు వెళ్లే లోపలి రంధ్రం, ఒక రెండు అంగుళాలు తవ్వి ఆపేయండి, వెనక వత్తి పెట్టే రంధ్రం అచ్చంగా కనపడేలా చిన్న గుంట మాత్రమే పెట్టండి, ఆ రెండూ ఎక్కడా కలవకూడదు. బయట నుంచి చూసేవాళ్లకి తేడా ఏమీ తెలియదు.

ఏ ఫిరంగి చెయ్యాలి అంటే రెండు దారులు. ఆకుల (మధ్య దిమ్మ నుంచి అంచుకి వెళ్లే పుల్లల) చక్రాలంటే భయం అనిపిస్తే ఓడ ఫిరంగి చెయ్యండి, దానికి నాలుగు చిన్న గట్టి చెక్క చక్రాలు చాలు, రెండు వారాంతాల్లో బండి అయిపోతుంది. ముందు చక్రాలు వెనకవాటి కంటే కాస్త పెద్దవిగా చెయ్యండి, ఎందుకంటే ఓడ డెక్ పక్కలకి వాలుగా ఉంటుంది, ముందు చక్రాలు ఆ వాలులో ఉంటాయి. బండి పక్క పలకలకి వెనకవైపు మెట్లు ఉంటాయి చూడండి, అవి అందం కోసం కాదు, వాటి మీద గడ్డపార లాంటి కర్ర ఆనించి గొట్టం వెనక భాగాన్ని పైకి లేపేవాళ్లు, లేపి కింద చెక్క చీలిక దూర్చేవాళ్లు. ఆ చీలికని విడిగా, కదిలేలా చెయ్యండి, అతికించేస్తే నమూనాలో జీవం ఉండదు.

రెండోది నేను ఎక్కువ ఇష్టపడేది, 1857 మోడల్ నెపోలియన్, పన్నెండు పౌండ్ల గుండు వేసే ఫిరంగి. ఈ పేరు మూడో నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ ఫిరంగి నుంచి వచ్చింది, అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ వాడాయి. అసలుదాని గొట్టం సుమారు 66 అంగుళాలు, బోర్ వెడల్పు 4.62 అంగుళాలు, చక్రం అడ్డంగా 57 అంగుళాలు. ఆరో వంతు స్కేల్ తీసుకుంటే గొట్టం 11 అంగుళాలు, చక్రం తొమ్మిదిన్నర, బోర్ ముప్పావు అంగుళం కంటే ఒక వెంట్రుక ఎక్కువ. ఈ స్కేల్ కంటే చిన్నదానికి పోతే ఆకులు అగ్గిపుల్లల్లా అయిపోతాయి, విరిగిపోతుంటే విసుగొస్తుంది.

ఇక చక్రం. ఒక్కో చక్రానికి 14 ఆకులు, అంచుకి 7 పూటీలు (వంపు తిరిగిన చెక్క ముక్కలు), అంటే ఒక్కో పూటీ ముక్కకి రెండు ఆకులు. ఎడ్లబండి చక్రం దగ్గర్నుంచి చూసినవాళ్లకి ఇదంతా తెలిసిన పనే. మందపాటి ప్లైవుడ్ పలక మీద తొమ్మిదిన్నర అంగుళాల వృత్తం గీసి 14 భాగాలు చెయ్యాలి, ఒక్కోటి 25.7 డిగ్రీలు వస్తుంది, కోణమానిని పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొలుచుకుంటూ పోకండి, చివరికొచ్చేసరికి తప్పు అంతా పేరుకుని ఆఖరి ఆకు వంకరపోతుంది, కంప్యూటర్లో గీసి ప్రింట్ తీసి పలకకి అతికించుకోవడమే మంచిది. మధ్య దిమ్మని గట్టి కర్రతో లేత్ మీద తిప్పుకుని దానికి 14 రంధ్రాలు వెయ్యండి. ఆ రంధ్రాలు నిట్టనిలువుగా కాదు, బయటివైపుకి నాలుగైదు డిగ్రీలు వాలాలి. చక్రం చూడ్డానికి లోతు లేని పళ్లెంలా ఉండాలి అన్నమాట. ఆ పళ్లెం వంపు ఎందుకంటే గతుకుల్లో బండి పక్కకి ఊగినప్పుడు ఆ తోపుకి ఆకులు నిలబడాలి. ఇరుసు చివరలు కూడా కాస్త కిందకి వంచుతారు, అప్పుడు నేలని తాకే ఆకు నిటారుగా నిలబడి బరువు మోస్తుంది. చాలా నమూనాల్లో ఇది వదిలేస్తారు, అలాంటి ఫిరంగి దూరం నుంచే బొమ్మ అని పట్టుబడిపోతుంది.

రెండు చక్రాలకీ కలిపి ఆకులు 28 కావాలంటే 36 చెక్కుకోండి. పీచు నిడివిగా, ముడులు లేని కర్ర చూడండి. పూటీలు కోసేటప్పుడు కూడా పీచు ముక్క పొడవునా ఉండాలి, చివరల కోణం 25.7 డిగ్రీలే, అతుకు రెండు ఆకుల మధ్యలో పడాలి గానీ ఆకు మీద పడకూడదు. ఎక్కించేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, రెండు ఆకులూ బయటికి విచ్చుకుని ఉంటాయి కదా, పూటీ రంధ్రాలు రెండింట్లోకి ఒకేసారి దూరవు. అసలు వడ్రంగులు ఒక పనిముట్టుతో రెండు ఆకుల్నీ దగ్గరికి లాగి ఎక్కించేవాళ్లు, మనకి రంధ్రం ఒక పిసరు వదులుగా వేసి వేళ్లతో నొక్కితే సరిపోతుంది. ముందు జిగురు లేకుండా మొత్తం ఒకసారి బిగించి చూసుకోండి, ప్లీజ్. చక్రం చుట్టూ వేసే ఇనప పట్టా అసలుదానికైతే ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తారు, అది ముడుచుకుని చక్రాన్ని పట్టేస్తుంది. చిన్నదానికి అలా చేస్తే కర్ర మాడుతుంది, జిగురు కరుగుతుంది, కాబట్టి పట్టీని సరిగ్గా కొలతకి వంచి అతుకు వేసి ఎపాక్సీతో నొక్కి ఎక్కించండి.

బండి వెనక దూలం, పక్క పలకలు, ఎత్తు సర్దే స్క్రూ, ఇవి మామూలు వడ్రంగం పనే, కొలతలు చూసుకుని చేసుకోవచ్చు. రంగు మాత్రం ముదురు ఆలివ్ ఆకుపచ్చ, ఇనప పట్టీలు నలుపు. వార్నిష్ వేసి మెరిపించకండి, అది యుద్ధానికెళ్లే బండి.

ఇప్పుడు గొట్టం. పాతకాలం పనివాళ్లు గొట్టాన్ని అంగుళాల్లో కాదు, దాని బోర్ వెడల్పుతో కొలిచేవాళ్లు. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ ఫిరంగుల్లో గొట్టం బండి మీద ఆనే పక్క చెవులు, అదే ట్రనియన్లు, ఒక బోర్ మందం ఒక బోర్ పొడవు ఉండేవి. గొట్టం పొడవుని ఏడు భాగాలు చేస్తే వెనక రెండు భాగాలు అన్నిటికంటే మందం, ఎందుకంటే మందు పేలేది అక్కడే. ఓడ ఫిరంగి చేసేవాళ్లు ఈ లెక్క పెట్టుకుంటే ఫోటో పక్కన పెట్టుకుని ఊహించాల్సిన పని ఉండదు. నెపోలియన్‌కి గొట్టం చుట్టూ పట్టీలు, అలంకారం పెద్దగా ఉండవు, నున్నగా సన్నబడుతూ పోయి మూతి దగ్గర ఉబ్బుతుంది అంతే, ఆ ఒక్క వంపు కుదరాలి, అట్ట ముక్కతో టెంప్లేట్ కత్తిరించుకుని మాటిమాటికీ ఆనించి చూసుకోండి. మొదటిసారి చేసేవాళ్లు కర్రతో చేసి రంగు వేసినా తప్పులేదు.

ఇత్తడైతే చెవుల రంధ్రం ముందే వేసేయండి, రాడ్ ఇంకా గుండ్రంగా సమానంగా ఉన్నప్పుడే, సన్నబరిచాక దాన్ని వైస్‌లో సరిగ్గా పట్టుకోలేరు. చెవులు బరువు మధ్య కంటే కాస్త ముందుకి ఉండాలి, అప్పుడు వెనక భాగం బరువుగా స్క్రూ మీద కూర్చుంటుంది, లేకపోతే మూతి నేలకి వాలిపోతుంది. ఇత్తడిలో డ్రిల్ బిట్ ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది, బిట్ అంచుని రాయి మీద కాస్త మొద్దు చేసుకోండి. లేత్ దగ్గర గ్లవ్స్ వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి, ఇత్తడి రజను సూదుల్లా ఎగురుతుంది. అసలు కంచు ఫిరంగుల లోహం సుమారు 90 శాతం రాగి, 10 శాతం తగరం, అందుకే ఇత్తడి కంటే ఎర్రగా ఉంటుంది, గన్‌మెటల్ (ఇలా రాగి, తగరం కలిపిన లోహం) రాడ్ దొరికితే ఆ రంగు వేరే.

పెరట్లో పెట్టేవాళ్లు మూతికి చెక్క బిరడా పెట్టండి, అసలు ఫిరంగులకీ పెట్టేవాళ్లు, మూతి కొంచెం కిందకి వంచి ఉంచితే వాన నీళ్లు నిలవవు. చక్రాల కింద పలకలు వెయ్యండి, తడి నేల పూటీలని ముందు తినేస్తుంది. కారులో ఎక్కడికైనా తీసుకెళ్తే కప్పేసి తీసుకెళ్లండి, చూసినవాళ్లు కంగారు పడతారు, మీ దగ్గర నమూనాలకి కూడా రూల్స్ ఉన్నాయేమో పోలీస్ స్టేషన్లో ముందే అడిగి తెలుసుకోండి.

నమూనాలు చేస్తూ చేస్తూ ఎప్పుడో ఒకప్పుడు పాత అసలు ఫిరంగి కొనాలనిపిస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో హుస్సార్ అనే బ్రిటిష్ నౌక నుంచి వచ్చిన ఫిరంగిని 2013 జనవరిలో తుప్పు గీకుతుంటే లోపల గుండు, మందు అలాగే ఉన్నాయి. ఆ నౌక మునిగింది 1780లో. అందుకని పాతది ఏది దొరికినా ముందు దూరంగా నిలబడి చూడండి. మూతిలో తుప్పు ముద్దలా గడ్డకట్టి అడ్డంగా ఉన్నా, లోపల ఏముందో అమ్మేవాళ్లు చెప్పలేకపోయినా గీకకండి, కాల్చకండి, డ్రిల్ పెట్టకండి, వదిలేసి పోలీసులకి ఫోన్ చెయ్యండి, బాంబు స్క్వాడ్ వాళ్లు చూసి ఖాళీ అన్నాకే దాన్ని ముట్టుకోండి.