కొనకుండానే ఇంగ్లీషు కథల పుస్తకాలు

కడపలో డిగ్రీ చదివే పిల్లలు ఇంగ్లీషు బాగుపడాలని కథల పుస్తకం కొనబోతే వందల్లో ఖర్చు. తీరా కొన్నాక పేజీకి పది మాటలు అర్థంగాక మూల పడేస్తారు. మా ఇంట్లో ఈ పద్ధతి బాగా పనికొచ్చింది.

ఫోన్‌లో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్ తెరవండి. 1971లో మొదలైంది, పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అడగదు. కాపీరైట్ తీరిపోయిన పాత పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. చిన్న కథల సంపుటి ఒకటి ఎంచుకొని, బొమ్మలు లేని ఈపబ్ (ఫోన్‌లో చదువుకునే ఈ-పుస్తకం) ఫైలు దించుకోండి. నవలతో మొదలుపెట్టొద్దు, నాలుగో అధ్యాయానికే విసుగొస్తుంది. చదవడానికి రీడ్ఎరా యాప్ చాలు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగును ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే పల్లెకు పోయినప్పుడు సిగ్నల్ లేకున్నా ఇబ్బంది ఉండదు.

ముందు పేజీ అంతా ఆగకుండా చదవాలి. తర్వాత అడ్డం పడిన మాటల్లో ఐదింటినే ఎంచి, వేలుతో నొక్కిపట్టి కాపీ చేసి, ట్రాన్స్‌లేట్‌లో అర్థం చూసి నోటుబుక్కులో రాసుకోవాలి. మాట ఒక్కటే కాకుండా వాక్యమంతా వేస్తే అర్థం ఇంకా సరిగ్గా వస్తుంది. ప్రతి మాటకూ ఆగితే మాత్రం కథ పట్టుదప్పుతుంది, ఇది పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఒక్క జాగ్రత్త: వేరేచోట దొరికే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకు ఇది పనిచేయదు. అవి ఫోటోలే కాబట్టి మాట సెలెక్ట్ కాదు. ఈపబ్ ఉంటేనే దించుకోండి.