విదేశంలో దాడికి గురైతే కాన్సులేట్ సాయం ఎలా అందుకోవాలి?

అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో రాత్రి కారు దిగి ఇంట్లోకి వెళ్తున్న మన పిల్లాడికి ఎవరో గన్ చూపించి ఫోను, పర్సు, పాస్‌పోర్టు ఉన్న బ్యాగు లాక్కుపోయారనుకోండి. ఆ టెన్షన్‌లో అందరికీ ముందు గుర్తొచ్చేది ఇండియన్ కాన్సులేటే. కానీ మొదటి ఫోను అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కే చేయాలి.

పోలీసులు వచ్చి వివరాలు రాసుకున్నాక కేసు నంబరు అడిగి తీసుకోండి. చాలాసార్లు చిన్న కార్డు మీద రాసి చేతిలో పెడతారు. మీ ఫోను పోయింది కాబట్టి రూమ్‌మేట్ ఫోనుతో దాన్ని ఫొటో తీయించి ఇంటికి పంపండి. కొత్త పాస్‌పోర్టు దగ్గర్నుంచి పరిహారం దాకా ప్రతిచోటా ఆ నంబరే అడుగుతారు. వీసాకి ఏమవుతుందోనన్న భయంతో ఫిర్యాదు మానేసే పిల్లలున్నారు. దయచేసి అలా చేయకండి.

తర్వాత కాన్సులేట్. టెక్సాస్ హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఆఫీసు వేళలు దాటితే వాళ్ల వెబ్‌సైట్‌లోని ఎమర్జెన్సీ నంబరుకు చేయండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏ ఊళ్లో జరిగింది, ఏ ఆస్పత్రిలో ఉన్నారు, కేసు నంబరు: ఇవి ముందే కాగితం మీద రాసుకుంటే మాట తడబడదు. ఇక్కడున్న తల్లిదండ్రులు విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

కాన్సులేట్ వాళ్లు పోలీసులతో, ఆస్పత్రితో మాట్లాడతారు, ఇంటికి కబురు చేస్తారు, లాయర్ల వివరాలు ఇస్తారు. దర్యాప్తు చేయరు, కోర్టులో మీ తరఫున వాదించరు. నిజంగా డబ్బుకు దిక్కులేని పరిస్థితైతే ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ గురించి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, 2009లో దాన్ని పెట్టింది కష్టాల్లో పడ్డ మనవాళ్ల కోసమే.

పాస్‌పోర్టు విషయంలో తొందరపడకండి. పాస్‌పోర్టు లేనివాళ్లకు కాన్సులేట్ ఇచ్చే తాత్కాలిక పత్రం, అంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. అక్కడే ఉండి చదువుకోవాలంటే పోయినదాని బదులు కొత్త పాస్‌పోర్టుకే దరఖాస్తు చేయాలి.

గాయాలైతే టెక్సాస్ అటార్నీ జనరల్ ఆఫీసు నడిపే బాధితుల పరిహార పథకానికి దరఖాస్తు పెట్టండి. మామూలుగా నేరం జరిగిన 3 ఏళ్లలోపు పెట్టాలి. పోయిన ఫోనుకు అందులో డబ్బు రాదు, వైద్యం ఖర్చులకు రావచ్చు. అందుకే ఆస్పత్రి ఇచ్చిన ప్రతి బిల్లూ దాచిపెట్టండి.