నోటి క్యాన్సర్ జన్యు గుర్తులు - 3వ పాఠం: టీపీ53 మ్యుటేషన్‌ను చదవడం

గత పాఠంలో టీపీ53 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుందని చూశాం. ఈసారి నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి. జన్యు పరీక్ష రిపోర్టులో ఈ జన్యువు పేరు పక్కన మ్యుటేషన్‌ను, అంటే జన్యువులో వచ్చిన మార్పును, చెప్పే ఒక చిన్న కోడ్ ఉంటుంది. దాన్ని విడమర్చి చదవడమే ఇవాళ్టి పని.

టీపీ53 జన్యువు నుంచి తయారయ్యే పీ53 ప్రొటీన్ 393 అమైనో ఆమ్లాల దండ. కోడ్‌లో మొదటి అక్షరం అసలు ఉండాల్సిన పూస, అంకె దాని స్థానం, చివరి అక్షరం ఇప్పుడు అక్కడున్న పూస. చివర నక్షత్రం గుర్తుంటే దండ అక్కడే తెగిపోయిందని అర్థం.

'ఆర్213*' తీసుకోండి. 213వ చోట అర్జినిన్ ఉండాలి, కానీ దండ అక్కడితో ఆగిపోయింది. మిగతా భాగం తయారే కాదు.

ఇప్పుడు 'ఆర్248క్యూ'. దండ పూర్తిగానే ఉంది, అర్జినిన్ బదులు గ్లుటమిన్ వచ్చిందంతే. చిన్న మార్పేగా అనిపిస్తుంది. కానీ 163-195, 236-251 స్థానాలు పీ53 డీఎన్ఏను పట్టుకునే చోటులో కీలకమైనవి. 248 రెండో ముక్కలో పడింది. పైగా అర్జినిన్‌కు ధనావేశం ఉంది, గ్లుటమిన్‌కు లేదు. చోటూ కీలకమే, గుణమూ మారింది.

2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఈ రెండు రకాలనూ 'విధ్వంసక' గుంపులో వేసింది. ఆపరేషన్ అయిన 420 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల్లో, ఈ మ్యుటేషన్ ఉన్నవాళ్లకు హజార్డ్ రేషియో 1.7 వచ్చింది. ఇక్కడే చాలామంది తడబడతారు. ఆయుష్షు 1.7 రెట్లు తగ్గుతుందని కాదు. ఏ సమయంలో చూసినా, ఈ గుంపులో మరణాలు జరిగే వేగం మ్యుటేషన్ లేని గుంపుకంటే 1.7 రెట్లు అని. అది గుంపు లెక్క. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి జాతకం కాదు. ఆ మనిషి గురించి చెప్పాలంటే గడ్డ ఎంత లోతుకు దిగింది, మెడ గ్రంథులకు పాకిందా అన్నవి ముందు చూడాలి. జన్యువు మాట ఆ తర్వాతే.

ఒక చిక్కు కూడా చెప్పాలి. 'పీ72ఆర్' కనిపిస్తే టెన్షన్ పడొద్దు. 72వ స్థానంలో ప్రోలిన్ ఉన్నవాళ్లూ అర్జినిన్ ఉన్నవాళ్లూ ఆరోగ్యవంతుల్లోనే బోలెడంత మంది. అది పుట్టుకతో వచ్చే తేడా, గడ్డలో కొత్తగా వచ్చిన దెబ్బ కాదు. మొదట్లో నేనూ దీన్ని మ్యుటేషన్ల పట్టికలోకి ఎక్కించేశాను!

మీకు అభ్యాసం: 'ఆర్175హెచ్'. హెచ్ అంటే హిస్టిడిన్. ఆ అధ్యయనం పద్ధతిలో అర్జినిన్, హిస్టిడిన్ రెండూ ధనావేశపు గుంపువే. చోటు చూడండి, గుణం చూడండి, 'విధ్వంసక' గుంపులో వేస్తారో లేదో కారణంతో సహా రాయండి. జవాబు 4వ పాఠం మొదట్లో.