టర్బోనా, మామూలు ఇంజనా? టెస్ట్ డ్రైవ్‌లోనే తేల్చుకోండి

ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేసి మురిసిపోకండి. ఏసీ వేసి, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని సాయంత్రం అమీర్‌పేట వైపు తీసుకెళ్లండి. స్పీడ్ బ్రేకర్ దాటాక సెకండ్ గేర్‌లోనే మెల్లగా యాక్సిలరేటర్ నొక్కి చూడండి. టర్బో అంటే ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే ఫ్యాన్ లాంటిది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లు చాలావరకు 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాటేదాకా బద్ధకిస్తాయి, ఆపైన ఒక్కసారిగా లాగుతాయి. టర్బోని తిప్పేది సైలెన్సర్‌ వైపు పోయే పొగే కదా, అది చాలకపోతే అంతే మరి. టర్బో లేనిది మొదటి నుంచీ ఒకేలా కదులుతుంది. కాకపోతే ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీని దాటాలంటే గేరు తగ్గించాల్సిందే. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పాకేవాళ్లకైతే నా ఓటు టర్బో లేనిదానికే. టర్బో కొంటే మాత్రం ఆయిల్ దగ్గర పిసినారితనం వద్దు, కంపెనీ చెప్పిన గ్రేడే టైముకి మార్పించండి. ఔటర్ మీద జోరుగా తోలి ఆపాక వెంటనే ఇంజన్ కట్టేయకుండా, ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచండి.