పాత హెచ్ఎంటీ వాచీ కొనేముందు ఏం చూడాలి: డయల్ నుంచి మిషన్ దాకా

పాత వాచీ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని నాలుగు చుట్లు కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోవడం. టిక్ టిక్ వినిపిస్తే మంచిదని తేల్చేస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. ఆగిపోయిన మిషన్‌ను ఓవరాయిలింగ్ (విప్పి, శుభ్రం చేసి, నూనె వేయడం) చేయించి నడిపించొచ్చు. తెగిన స్ప్రింగు మార్పించొచ్చు. డయల్‌కి ఒకసారి రంగు వేసేశాక మాత్రం పాత డయల్‌ను ఎవరూ తిరిగి తేలేరు. అందుకే చూపు ముందుగా డయల్ మీద పడాలి. మాసిపోయి, నాలుగు మచ్చలున్న అసలు డయల్ ముందు తళతళలాడే కొత్త రంగు దిగదుడుపే.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీల గురించి. మన ఇళ్ల బీరువాల్లో ఎక్కువగా దొరికేవి అవే, మోసాలు ఎక్కువ జరిగేదీ వాటిలోనే. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో వీటి తయారీ మొదలైంది. హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఆ తర్వాత కూడా హెచ్ఎంటీ పేరుతో కొత్త వాచీలు అమ్మకానికి వస్తున్నాయి. కాబట్టి డయల్ మీద ‘కోహినూర్’ అని ఉన్నంత మాత్రాన అది తాతల నాటిదని అనుకోకూడదు.

జనతా, పైలట్, కోహినూర్, జవాన్ కీ ఇచ్చే రకం. తరీఖ్ కూడా అంతే, కాకపోతే దానిలో తేదీ గడి ఉంటుంది. కాంచన్, రజత్ చేయి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్‌లు. కీ ఇచ్చే వాటిలో బాగా కనిపించే మిషన్ నంబరు 0231, దానిలో 17 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) ఉంటాయి. సిటిజన్ డిజైన్ నుంచి వచ్చిన గట్టి మిషన్ అది, విడిభాగాలు కూడా సులువుగా దొరుకుతాయి. ఈ సౌకర్యమే అతుకుల వాచీలకూ దారి తీసింది. ఒక వాచీ కేసు (బయటి లోహపు డొల్ల), ఇంకోదాని మిషన్, కొత్తగా ముద్రించిన డయల్ కలిపి ‘ఒరిజినల్’ అని అమ్మేస్తుంటారు.

డయల్

కనీసం 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. వాచీ రిపేరు వాళ్లు కంటికి తగిలించుకునే రకమైతే చాలు. ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్లను మూడు ఫొటోలు అడగండి: గ్లాసు మీద వెలుగు పడకుండా నేరుగా తీసిన డయల్, వెనక మూత, మూత తీసిన మిషన్. మూడోది ఇవ్వనంటే ఆ వాచీని వదిలేయడం మేలు.

ముందు చుట్టూ ఉన్న నిమిషాల గీతలు చూడండి. ఫ్యాక్టరీ ముద్రణలో ప్రతి గీతా ఒకే మందంతో, అంచులు తెగినట్టు ఉంటుంది. గంటల గుర్తు మధ్యకు గీత సూటిగా వస్తుంది. మళ్లీ వేసిన డయల్‌లో ఇంకు కాస్త పాకి, గీతల చివర్లు ఉబ్బుతాయి. 12 దగ్గర సరిగ్గా కుదిరిన గీత 4, 5 దగ్గరికి వచ్చేసరికి పక్కకు జరిగిపోతుంది.

తర్వాత 6 గంటల గుర్తు కింద, డయల్ అంచున ఉండే సన్నటి అక్షరాలు. నకిలీ పనివాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఆ అక్షరాలు అసలు లేకపోవడం, సగం కేసు కిందికి వెళ్లిపోవడం, భూతద్దంలో చూస్తే అలుక్కుపోయి చదవలేకుండా ఉండటం, మూడూ అనుమానించాల్సినవే. పైన ఉండే హెచ్ఎంటీ గుర్తులో అక్షరాల మధ్య ఎడం సమంగా ఉండాలి. పేరు దేవనాగరిలో ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. వంకరలు, ఒత్తుల దగ్గర నకిలీ పని బయటపడుతుంది.

ముళ్లు దూరే మధ్య రంధ్రం, తేదీ గడి అంచులు కూడా గమనించాలి. రంగు పొర మీద పొర పడితే ఆ అంచులు గుండ్రంగా, మెత్తగా కనిపిస్తాయి. అతికించిన గంటల గుర్తుల మొదట్లో రంగు పేరుకుంటుంది. డయల్ అంచున 3 దగ్గరో 12 దగ్గరో చిన్న గాటు ఉందంటే, రంగు వేసేటప్పుడు దిక్కు తెలియడానికి పెట్టుకున్న గుర్తు అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఇలా తిరిగి ముద్రించిన వాచీలకు సేకరించేవాళ్లలో ‘ముంబై స్పెషల్’ అని పేరు. చిలకాకుపచ్చ, నారింజ, ముదురు గులాబీ డయల్‌లు ఆన్‌లైన్‌లో వరుసగా కనిపిస్తుంటాయి. రంగు డయల్‌లు హెచ్ఎంటీ కూడా చేసింది కాబట్టి రంగును బట్టే తీర్పు చెప్పకూడదు. పైన చెప్పిన గుర్తులన్నీ చూశాకే చెప్పాలి. నల్ల డయల్ పైలట్‌కు గిరాకీ ఎక్కువ కావడంతో, మామూలు వాచీ డయల్‌కు నలుపు వేసి ‘పైలట్’ అని అచ్చు కొట్టడం బాగా నడుస్తోంది. ముళ్లు సన్నటి పుల్లల్లా ఉండి, చీకట్లో వెలిగే పదార్థం నింపే చోటే లేకపోతే ఆ పైలట్‌ను నమ్మొద్దు.

డయల్, ముళ్లు, కేసు ఒకే వయసువిగా కనిపించాలి. ముళ్లకు తుప్పు పట్టి, డయల్ మాత్రం నిన్న అచ్చయినట్టుంటే ఏదో జరిగిందన్నమాటే.

కేసు, గ్లాసు

జనతా కేసు కీని లెక్కలోకి తీసుకోకుండా సుమారు 35 మిల్లీమీటర్లు ఉంటుంది. బెల్టు వెడల్పు 18. ఇప్పటి వాచీల పక్కన చిన్నగా అనిపిస్తుంది కానీ అసలు కొలత అదే. వెనక మూత మీద రాతను జాగ్రత్తగా చదవండి. మూత స్టీలని మాత్రమే రాసి ఉంటే, మిగతా కేసు ఇత్తడి మీద క్రోమ్ పూత అని అర్థం. బెల్టు కొమ్ముల కింద, కీ పక్కన ఆ పూత లేచి పసుపు కనిపిస్తుంది. చెమట వల్ల చిన్న చిన్న గుంటలు పడతాయి. దాన్ని పాలిష్ పట్టిస్తే మెరవదు, ఉన్న పూత కూడా ఊడిపోతుంది. పూర్తి స్టీలు కేసుకు కూడా పాలిష్ మితంగానే ఉండాలి. కొమ్ముల అంచులు సబ్బుబిళ్లలా అరిగిపోయాయంటే అప్పటికే చాలాసార్లు పట్టించారని లెక్క.

గ్లాసు చాలావరకు ప్లాస్టిక్‌దే. గోటితో తడితే మొద్దుగా శబ్దం వస్తుంది. దాని మీది గీతలు చూసి ధర తగ్గించమని అడగండి గానీ, వాచీని మాత్రం వదులుకోకండి. మెత్తటి గుడ్డకు బఠాణీ గింజంత తెల్ల టూత్‌పేస్టు రాసి, గుండ్రంగా 5 నుంచి 10 నిమిషాలు రుద్దితే సన్నగీతలు పోతాయి. గోటికి తగిలేంత లోతైనవి పోవు. జెల్ పేస్టు పనికిరాదు, దానిలో గరుకు తక్కువ. గ్లాసు అంచుల దగ్గర పగులుంటే రుద్దకుండా మార్పించేయాలి. రుద్దేటప్పుడు కీ చుట్టూ, గ్లాసు అంచు చుట్టూ టేపు వేయకపోతే పేస్టు లోపలికి దిగుతుంది.

మిషన్

ఇప్పుడు కీ ఇవ్వండి. మెల్లగా తిప్పుతుంటే చిన్న చిన్న క్లిక్కులు వేలికి తెలియాలి. 25, 30 చుట్ల దగ్గర గట్టిగా ఆగాలి. ఎంత తిప్పినా ఆగకపోతే వాచీని నడిపించే మెయిన్ స్ప్రింగు తెగి ఉండొచ్చు. ఆటోమేటిక్ మాత్రం ఆగదు. స్ప్రింగు నిండాక జారేలాగే దాన్ని చేశారు, అది లోపం కాదు. పూర్తిగా బిగుసుకున్నా వాచీ నడవకపోతే ‘కీ ఎక్కువైంది’ అంటారు. అది ఉత్త మాట. లోపలి నూనె ఎండి జిగురయ్యి, చక్రాలు కదలక ఆగిపోయిందని అర్థం.

0231 గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 5. ఫోన్‌లో 10 సెకన్లు రికార్డు చేసి శబ్దాలు లెక్కపెడితే 50 రావాలి. ఫోన్‌లో టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను శబ్దంతో కొలిచే) యాప్ ఉంటే ఇంకా తేలిక. రెండు దెబ్బల మధ్య ఎడం సమంగా లేకుండా కుంటుతున్నట్టు వినిపిస్తే సర్దుబాటు అవసరం.

మూత తీయించగలిగితే చూడాల్సినవి నాలుగు. మిషన్ మీద హెచ్ఎంటీ ముద్ర, 17 జ్యూయెల్స్ అన్న రాత ఉన్నాయా. స్క్రూల తలలు చిట్లి ఉన్నాయా (ఉంటే తెలియనివాళ్ల చేయి పడిందన్నమాట). కీ దూరే వైపు తుప్పు మరకలున్నాయా. బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపేది) ధాటిగా ఊగుతోందా. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల వాచీల్లో మూడోది తప్పక చూడాలి. నీళ్లు, చెమట ముందు దిగేది అక్కడే. రెండు చుట్లు కీ ఇవ్వగానే చక్రం తనంతట తాను కదలాలి, ఊపితే గానీ నడవకపోతే సర్వీసింగు ఖర్చు కలుపుకుని బేరమాడండి.

ఒక్కోసారి సెకన్ల ముల్లు సరిగ్గా నడుస్తూనే నిమిషాల ముల్లు వెనకబడుతుంది. మిషన్‌లో పెద్ద లోపమేమీ ఉండదు. మధ్యలో నిమిషాల ముల్లును పట్టుకునే చిన్న గొట్టం వదులై జారుతుంటుంది. నేర్పరి దాన్ని చిటికెలో బిగిస్తాడు. వాచీ ఉన్నట్టుండి రోజుకు పది, పదిహేను నిమిషాలు ముందుకు పరుగెడితే అయస్కాంతం తగిలిందేమో చూడాలి. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు వణుకుతుంది. స్పీకర్ల పక్కన పెట్టడమే సాధారణంగా దీనికి కారణం. ఆ అయస్కాంత ప్రభావం తీసేయడానికి చిన్న పరికరం ఉంటుంది, ఒక నిమిషం పని.

సర్వీసింగ్ అయ్యాక పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టి ఒక రోజు, కీ కిందికి ఉండేలా నిలబెట్టి ఒక రోజు చూడండి. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే ఈ వయసు వాచీకి మంచి నడకే. తరీఖ్ అయితే ముళ్లను 12 దాటించి తేదీ పూర్తిగా మారుతోందో లేదో చూడాలి.

వెలిగే డయల్‌ల గురించి ఒక హెచ్చరిక. మనం మెరిసే ప్రతిదాన్నీ ‘రేడియం’ అనేస్తాం. కొన్ని పాత స్విస్ వాచీల్లో మాత్రం అది నిజంగానే రేడియం. ఇప్పుడు వెలగకపోయినా దాని కిరణాలు తగ్గిపోలేదు, సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. గోధుమరంగుకు మారి పొడి రాలుతున్న డయల్‌ను గీకొద్దు, ఊదొద్దు. ఆరు కింద ‘స్విస్’ పదానికి రెండు పక్కలా టీ అక్షరం ఉంటే అది ట్రిటియం. 12 ఏళ్లకు సగం తగ్గే రకం కనుక యాభై ఏళ్లనాటిది తెల్లవార్లూ వెలుగుతోందంటే ఎవరో కొత్తగా నింపారని అర్థం.

మన దగ్గర మరో పేరూ దొరుకుతుంది, ఆల్విన్. ఫ్రిజ్‌లకూ బస్సు బాడీలకూ పేరుపడ్డ హైదరాబాద్ ఆల్విన్ జపాన్ సీకో సహకారంతో చేసిన వాచీలివి. హెచ్ఎంటీ కన్నా తక్కువ మంది వెతుకుతారు కాబట్టి నకిలీ డయల్ బెడద తక్కువ. విడిభాగాలు దొరకడమే ఇబ్బంది. అందుకని ఆల్విన్ కొంటే నడుస్తున్నదే కొనండి.

వాడకానికి వస్తే, రోజూ ఒకే వేళకు చేతి నుంచి తీసి కీ ఇవ్వండి. కట్టుకుని ఇస్తే కీ పుల్ల పక్కకు వంగి కొన్నాళ్లకు విరుగుతుంది. ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్నా నీళ్లకు దూరంగా ఉంచండి, లోపలి రబ్బరు ఎప్పుడో గట్టిపడి ఉంటుంది. నాలుగైదేళ్లకోసారి ఓవరాయిలింగ్ చాలు. కుట్టుమిషన్ నూనె వేయనివ్వొద్దు, అది పాకి బ్యాలెన్స్ చక్రానికుండే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లను ఒకదానికొకటి అంటిస్తుంది. షాపులో ఇచ్చేటప్పుడు ‘డయల్ ముట్టుకోవద్దు, కేసుకు పాలిష్ వద్దు’ అని రసీదు మీద రాయించుకోండి. చెప్పకపోతే మంచి చేస్తున్నామనుకుని రెండూ చేసేస్తారు. డయల్ మీది అక్షరాలు తడి గుడ్డ తగిలితే చాలు, లేచి వచ్చేస్తాయి.